రోజుకి ఆరు పళ్ళు

పెద్దకోడలికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. అలాంటిది కారణం కూడా దొరికితే ఇక చెప్పేదేముంది! ఆ రోజు ఆస్పత్రి వరండాలో, నలభైమంది ఆడవాళ్ళ ముందు, ఆమె స్టీలు డబ్బాలో చెయ్యిపెట్టి చీటీ తీసింది. తెల్లది వచ్చింది. వెనకే వరసలో నిలబడ్డ తోడికోడలు అదే డబ్బాలో చెయ్యిపెట్టింది. నీలంది వచ్చింది.

నీలం చీటీ వాళ్ళకి రోజుకి ఆరు ఎండు ఆల్‌బుకరా పళ్ళు, ఏడాదిపాటు, ఆస్పత్రి వాళ్ళే ఇస్తారు. తెల్లచీటీ వాళ్ళకి పళ్ళు లేవు. మాత్రలు అందరికీ ఒకటే, ఎముకల పరీక్ష అందరికీ ఒకటే. యాభై దాటిన ఆడవాళ్ళకి ఏటేటా ఎముక గుల్లబారుతుంది కదా, రోజూ ఈ ఎండు పళ్ళు తింటే ఆ అరుగుదల కాస్తయినా ఆగుతుందేమో చూద్దామని డాక్టరుగారి ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. చీటీలే బాగాలేవు.

"ఇదేం న్యాయం? చెయ్యి విరిగింది నాకు. ఆవిడకేం విరిగిందని?" అని పెద్దకోడలు నర్సు మీదికి ఒంటికాలి మీద లేచింది.

"చీటీకి న్యాయం ఏముంటుంది పెద్దమ్మా. మాకు నచ్చినవాళ్ళకి ఇచ్చుకుంటూ పోతే, మేలు పళ్ళ వల్ల జరిగిందో ఇంకెందువల్ల జరిగిందో ఎలా తెలుస్తుంది?"

"అయితే నేనే కొనుక్కుని తింటా."

"ఏడాదిదాకా తినకూడదు. తింటే మా లెక్కంతా పోతుంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే మానెయ్యండి, ఎవరూ ఏమీ అనరు."

ఎవరూ ఏమీ అనరట! నలభైమంది చూస్తూండగా మానేసి ఇంటికి పోతే, తోడికోడలికి పళ్ళు వచ్చాయని ఓర్వలేక పోయింది అనరూ? పెద్దకోడలు పెన్ను లాక్కుని, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది. "ఏడాదిపాటు ఒక్క పండు నోట పెట్టను. నా మాట మాటే," అంది. ఆమె మాట మాటే, ఆ సంగతి వీధిలో ఎవరినడిగినా చెబుతారు. గయ్యాళి అని కూడా చెబుతారనుకోండి, అది వేరే విషయం.

వాళ్ళది దర్జీ దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు, ఆ వెనక వంటిల్లు, స్నానాలగది. మామగారు పెట్టిన దుకాణమే. ఆయన పోయాడు, పెద్దకొడుకూ పోయాడు. చిన్నకొడుక్కి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, అందుకని లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు. దుకాణం ఇద్దరు కోడళ్ళకి మిగిలింది. పెద్దకోడలికి అరవై ఒకటి, చిన్నకోడలికి యాభై ఏడు. అయినా వీధికి వాళ్ళింకా పెద్దకోడలూ చిన్నకోడలే. పెద్దది కత్తిరిస్తుంది, చిన్నది కుడుతుంది. మధ్యలో ఓ పొడుగుబల్ల. బల్లకి ఇటు కత్తెర, అటు మిషను.

ఇద్దరి మధ్యా మాటల్లేక పదకొండేళ్ళయింది.

మాటల్లేకుండా దుకాణం ఎలా నడుస్తుందంటారా? గోడ ఉందిగా.

"గోడా, ఆ పిల్లాడి నిక్కరు నడుం అంగుళం వదులు పెట్టమన్నారు. చెవుల్లో పడిందో లేదో కనుక్కో," అంటుంది పెద్దది.

"పడిందని చెప్పు గోడా. అంగుళం వదులు పెట్టాలంటే ముందు కత్తిరించేవాళ్ళు అంగుళం మిగల్చాలని కూడా చెప్పు," అంటుంది చిన్నది, మిషను తొక్కుతూనే.

బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు మొదట్లో ఆ గోడవంక తిరిగి చూసేవాళ్ళు. తర్వాత అలవాటైపోయి వాళ్ళూ గోడకే చెప్పడం మొదలెట్టారు. చిన్నకోడలి మొగుడైతే ఇంటికొచ్చిన నాలుగురోజులూ అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, ఐదోరోజు తెల్లవారకుండానే లారీ ఎక్కేవాడు.

ఈ మాటల్లేకపోవడం ఎక్కడ మొదలైందంటే, అత్తగారి ఎముక దగ్గర. పదకొండేళ్ళ కిందట ఆవిడ స్నానాలగది గుమ్మంలో పడింది. తుంటి విరిగింది. పద్నాలుగు నెలలు మంచం మీదే ఉండి, ఆ మంచం మీదే పోయింది. పడ్డ రోజున పెద్దకోడలు వీధిలో నిలబడి, నలుగురూ వినేలా, "స్నానం చేసొచ్చి నేల తుడవకుండా వదిలేసింది నువ్వే. ఆవిణ్ణి మంచాన పడేసింది నువ్వే," అని తోడికోడలిని దులిపేసింది. "నేను తుడిచాను అక్కా," అంది చిన్నది. మూడుసార్లు అంది. మూడుసార్లూ ఎవరూ నమ్మలేదు. నాలుగోసారి అనలేదు, ఆ తర్వాత అక్కతో ఇంకేమీ అనలేదు. అత్తగారికి మాత్రం ఇద్దరూ వంతులేసుకుని చాకిరీ చేశారు. ఒకరు అటు తిప్పితే ఒకరు ఇటు తుడిచేవారు, మూగవాళ్ళలా.

ఆనాటి సంగతి పెద్దకోడలు ఎప్పుడు చెప్పినా ఒకేలా చెబుతుంది. నేల తడిగా ఉంది, కాలు జారింది, ఆవిడ పడింది. అంతే. ఇంకో ముక్క అడిగితే కసురుకుంటుంది.

ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. మూడు నెలల కిందట గుడ్డ తాను ఒకటి అరమీంచి దింపబోతే ఎడమ మణికట్టు పుటుక్కుమంది. ఏమంత బరువని! చిన్నపిల్ల ఎత్తే బరువు. డాక్టరుగారు పరీక్ష చేయించి, "మణికట్టు అతుక్కుంటుందమ్మా. మీ తుంటి ఎముక బాగా పల్చబడింది. పడకుండా చూసుకోండి. పడ్డారో, లేవడం కష్టం," అన్నారు. ఆ మాట వినగానే పెద్దకోడలికి చావు గుర్తుకు రాలేదు. మంచం గుర్తుకొచ్చింది. మంచం పక్కన నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడే మనిషి గుర్తుకొచ్చింది. పిల్లల్లేరు, మొగుడు లేడు. ఆమె మంచాన పడితే ఒళ్ళు తుడిచే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, ఆ చేతికీ తనకీ మాటల్లేవు. దాని చేత చేయించుకునే కన్నా నుయ్యో గొయ్యో చూసుకోవడం నయం అనుకుంది. అందుకే ఆస్పత్రివాళ్ళు పళ్ళూ పరీక్షలూ అనగానే అందరికన్నా ముందు పోయి వరసలో నిలబడింది. తీరా చేస్తే తెల్లచీటీ!

పైగా ఆ పళ్ళు చిన్నది తన కళ్ళముందే తింటోంది. అదీ మంట. ప్రతి సోమవారం నర్సు సైకిలు మీద వచ్చి ఏడు పొట్లాలు ఇచ్చి, పాత పొట్లాల కాగితాలు తీసుకుపోతుంది. చిన్నకోడలు రోజూ పదకొండింటికి మిషను ఆపి, పొట్లం చింపి, నల్లగా ముడతలు పడిన పండు ఒకటి నోట్లో వేసుకుంటుంది. నములుతుంది. ఏం నమలడం అది! ఒక్కో పండుకి ఒక చొక్కా చెయ్యి కత్తిరించెయ్యొచ్చు.

"గోడా, కొందరు తినేది మందనుకుంటున్నారో విందనుకుంటున్నారో," అంది పెద్దకోడలు.

"పళ్ళు లేని నోటికి తెలీదు గోడా, నమిలితేనే మంచిదట."

పుండు మీద కారం అంటే అదే. ఆ రోజు పెద్దకోడలు రెండు కాలర్లు తప్పు కత్తిరించింది.

రెండో నెలలో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. చిన్నది పొట్లంలో మూడే తింటోంది. మిగతా మూడూ కాగితంలో చుట్టి, నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలో వేసుకుంటోంది. ఒకరోజు కాదు, రోజూ. నర్సు అడిగితే మాత్రం, "ఆరూ తిన్నానమ్మా," అని కళ్ళార్పకుండా చెబుతోంది.

ఎవరికోసం దాస్తున్నట్టు? మొగుడి కోసం. ఇంకెవరి కోసం! వాడొచ్చినప్పుడు గుప్పెట్లో పోస్తుంది కాబోలు. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. వాడి ఎముకలకేం తెగులు? లారీ గుద్దినా లారీకే సొట్ట పడుతుంది. ఇక్కడ ఎముకలు గుల్లబారి ఒక ముండ చస్తుంటే, దక్కినదాన్ని తిననైనా తినక, ఎద్దులాంటి మొగుడికి మేపుతుందా? నర్సుతో చెప్పేద్దామని రెండు సోమవారాలు నోటిదాకా వచ్చింది. చాడీలు చెప్పే అలవాటు లేదు కాబట్టి ఆగింది. అంటే వెనకాల చెప్పే అలవాటు లేదు. మొహం మీద చెప్పాలంటే మాటల్లేవు. ఆ కోపమంతా గుడ్డ మీద చూపించింది. ఆ నెల కత్తెర రెండుసార్లు సానపట్టించాల్సి వచ్చింది.

ఇంట్లో పొద్దుటి జావ చిన్నది కాస్తుంది, రాత్రి వంట పెద్దది చేస్తుంది. కుంపట్లు వేరైనా కుండ ఒకటే అని అత్తగారు ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి, ఎవరూ మార్చలేదు. ఈమధ్య జావ రంగు మారింది. నల్లగా, తియ్యతియ్యగా, చివర కాస్త పులుపు.

"గోడా, జావలో బెల్లం ఎవరి అబ్బసొమ్మని పోస్తున్నారు?"

"బెల్లం కాదు గోడా. ఖర్జూరం. నచ్చకపోతే తాగొద్దని చెప్పు."

నచ్చలేదని పెద్దకోడలు గిన్నె గీకి మరీ తాగింది. కోపంలో ఆకలెక్కువ ఆమెకి.

అలా పది నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున్నే సైకిలు గంట మోగింది. సోమవారం వేరే పనుండి నర్సు ఒకరోజు ముందే వచ్చింది. దుకాణం తలుపు తీసి ఉంది కానీ లోపల ఎవరూ లేరు. "పిన్నీ!" అని పిలుస్తూ వంటింటిదాకా వెళ్ళిపోయింది. పెద్దకోడలు గుమ్మం పక్కన స్టూలు మీద కూచుని జావ తాగుతోంది. పొయ్యి పక్కన చిన్నకోడలు, గుమ్మానికి వీపుపెట్టి, చేతిలో రోకలిబండ. రోట్లో గింజ తీసిన ఎండు ఆల్‌బుకరా పళ్ళు, మెత్తగా నలిగి ఉన్నాయి. పక్కనే ఆస్పత్రి పొట్లం.

నర్సు రోట్లోకి చూసింది. పెద్దకోడలి గిన్నెలోకి చూసింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"ఎన్నాళ్ళనుంచి తింటున్నారు పెద్దమ్మా?"

"ఏంటి తినేది? జావ."

"జావలో ఉన్నవి. సంతకం పెట్టారే! ఒక్క పండు ముట్టనని నలభైమంది ముందు చెప్పారే! ఎండలో వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చేది ఇందుకా నేను? మాట మీద నిలబడే మనిషి అని మిమ్మల్ని చూసి ఎంత మురిసిపోయానో. ఇంత మోసమా?"

మోసం! పెద్దకోడలు గిన్నె నేలకేసి కొట్టింది. జావ గోడదాకా చిందింది.

"ఎవరే మోసం చేసింది? ఈ నోటితో ఒక్క పండు తిన్నానని నిరూపించు, ఇదే కత్తిపీటతో నాలుక కోసుకుంటా! అది ఖర్జూరం! అడుగు, అడుగు దాన్ని!"

"ఆమె తినలేదు," అంది చిన్నకోడలు. గొంతు పెంచకుండానే అంది. "ఆమెకి తెలీదు. నేనే పెట్టాను. రోజూ మూడు."

ఆ ముక్క పెద్దకోడలి తలకెక్కడానికి కాసేపు పట్టింది. రోజూ మూడు. నడుముకున్న సంచి. నల్లటి జావ. పది నెలలు. ఎక్కిన తర్వాత మాత్రం అగ్గి మీద గుగ్గిలమే. ఆమె గోడవైపు తిరగడం మర్చిపోయింది.

"నువ్వా! నా చేత మాట తప్పించావా? నన్ను దొంగని చేశావా? ఊళ్ళో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే, అది కూడా రోట్లో వేసి నూరి నా చేతే తాగించావా?"

పదకొండేళ్ళలో నేరుగా అన్న మొదటి మాటలు అవి. చిన్నకోడలు రోకలిబండ రోట్లో పడేసింది.

"అవును, తాగించాను. ఏం చెయ్యమంటావు? డాక్టరు నీ తుంటి గురించి చెప్పినప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నా. రేపు నువ్వు పడితే ఏమంటావు? నేల తడిచేసింది నేనే అంటావు! వీధిలోకెళ్ళి అరుస్తావు! ఒక్కసారి పడ్డ నింద పదకొండేళ్ళు మోశాను. రెండోసారి మొయ్యడానికి నాకు ఓపిక లేదు. అందుకే పెట్టా. నీ మీద ప్రేమ కారిపోయి కాదు."

"నేలకేం తెగులు? నేలని..."

"నేలని రోజూ మూడుసార్లు తుడుస్తున్నా! పదకొండేళ్ళుగా! స్నానాలగది గుమ్మం, వంటిల్లు, దుకాణం మెట్టు. పొడిగుడ్డతో తుడిచి, చేత్తో తడిమి చూసి, అప్పుడు లేస్తున్నా. నువ్వెప్పుడైనా చూశావా? చూడవు. నా తప్పైతేనే నీ కంటికి కనబడేది."

"మరి నీ ఎముకలు ఇనుమా?" అని అరిచింది పెద్దకోడలు. అలా అరుస్తానని తనే అనుకోలేదు. "నీకిచ్చినవి ఆరు. సగం నాకు తగలేస్తే నీకేం మిగిలింది? బుద్ధుందా నీకు?"

"చాలు!" అంది నర్సు. ఆ పిల్లకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం వల్లే. "ఒకరు ఆరు తినాలి, ఒకరు అసలు తినకూడదు. మీ ఇంట్లో ఇద్దరూ మూడేసి తిన్నారు. మీ ఇద్దరి లెక్కా ఇక దేనికీ పనికిరాదు. ఇద్దర్నీ కొట్టేస్తాను. పది నెలల పని! డాక్టరుగారికి ఏం చెప్పను నేను?" స్టూలు మీద కూలబడి, సంచిలోంచి కాగితాలు తీసి, రెండు పేర్లమీద అడ్డంగా గీత పెట్టింది. కాసేపటికి కాస్త తగ్గి, "ఇంతకీ ఏ నింద? ఎవరు పడ్డారు?" అంది.

చిన్నకోడలు చెప్పింది. అత్తగారు, స్నానాలగది గుమ్మం, తుంటి, పద్నాలుగు నెలల మంచం. నేల తుడిచానని, ఎవరూ నమ్మలేదని.

నర్సు తల అడ్డంగా ఊపింది. "ఆవిడ వయసెంత?"

"డెబ్భై ఎనిమిది."

"ఎముక అంత గుల్లబారితే, అన్నిసార్లూ పడి విరగదు పిన్నీ. కొందరికి నిలబడి ఉండగానే, పక్కకి తిరిగినప్పుడో అడుగేసినప్పుడో ఎముక విరుగుతుంది. విరిగాక పడతారు. చూసేవాళ్ళకి పడి విరిగినట్టే ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పలేను, నేను అక్కడ లేను. ముందు అరుపు వినపడిందా, ముందు పడ్డ చప్పుడు వినపడిందా, అది విన్నవాళ్ళు ఉంటే వాళ్ళకే తెలియాలి."

చిన్నకోడలికి తెలీదు. ఆమె అప్పుడు దుకాణం బయట నిలబడి, ఎవరికో కుట్టిన బట్టలు మడతపెట్టి ఇస్తోంది. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

పెద్దకోడలు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకి కోపం ఇంకా అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. నర్సు మీద పెడదామంటే నర్సు తప్పేం లేదు. తోడికోడలి మీద పెడదామంటే చెయ్యి రావడంలేదు. మిగిలింది తనే. ఆ రోజు తను పొడుగుబల్ల దగ్గర పరదాగుడ్డ కొలుస్తోంది. అత్తగారు కెవ్వున అరిచింది. "ఏంటత్తయ్యా?" అని తల తిప్పింది. తిప్పాక, ఆ తర్వాతే, దబ్బుమంది. వెళ్ళి చూస్తే నేలమీద తడి ఉంది, చెంబు దొర్లి ఉంది. ఆ చెంబులో నీళ్ళే అయ్యుండొచ్చు. తనకి ఆ రోజే తెలుసు. కానీ ఆవిడ అలా పడి మూలుగుతుంటే, డెబ్భై ఎనిమిదేళ్ళ ఎముక దానంతటదే విరిగిందంటే ఎవరి మీద అరవాలి? ఎవరో ఒకరు కావాలి. చిన్నది ఎదురుగా ఉంది. అరిచింది. అరిచాక వెనక్కి తీసుకోవడం అవమానం అనిపించింది. ఒకరోజు ఆగితే వారం అయింది, వారం ఆగితే ఏడాది అయింది. ఆ తర్వాత నిజంగానే అదే నిజమనిపించడం మొదలైంది.

మాట మీద నిలబడే మనిషట! పెద్దకోడలికి తన మీద తనకే ఉమ్మెయ్యాలన్నంత అసహ్యం వేసింది.

"ముందు అరుపు వినపడింది," అంది. "తర్వాతే పడింది. నేను విన్నాను."

చిన్నకోడలు ఆమెవైపు తిరిగింది.

"ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?"

"గుర్తు రావడమేంటి. ఆ రోజే తెలుసు."

నర్సు మెల్లగా లేచి, కాగితాలు సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది. ఆగమని ఎవరూ అనలేదు. చిన్నకోడలు తోడికోడలి మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఎంతసేపో. అరుస్తుందనుకుంది పెద్దకోడలు. అరిస్తే బావుండుననుకుంది. చెంప మీద ఒకటి కొట్టినా పడుండేది. చిన్నకోడలు దుకాణంలోకి పోయి, మిషను దగ్గర కూచుని, సాయంత్రందాకా తొక్కింది. దారం అయిపోయాక కూడా తొక్కుతూనే ఉంది. సూది ఉత్తగుడ్డ మీద పైకీ కిందకీ ఆడుతున్న చప్పుడు వెనక గదిలోకి వినపడుతూనే ఉంది. రాత్రి పెద్దకోడలు వండిన అన్నం అలాగే చల్లారింది.

మర్నాడు పెద్దకోడలు లేచేసరికి పొయ్యి రాజెయ్యలేదు. గోడ మీద జావ మరక ఎండిపోయి ఉంది. ఆమె మొహం కడుక్కుని, కొట్లు తెరిచే వేళకి బజారుకి పోయి, పావుకిలో ఎండు ఆల్‌బుకరా పళ్ళు కొనుక్కొచ్చింది. జావ కాచింది. పదకొండేళ్ళుగా కాచలేదేమో, ఉండలు కట్టింది. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, గరిటె రెండుసార్లు జారింది. ఒక్క గిన్నెలోనే పోసి, పైన ఆరు పళ్ళు పెట్టింది.

చిన్నకోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. చేతిలో పొడిగుడ్డ ఉంది. అలవాటుగా వంగి గుమ్మం తుడవబోయి, సగంలో ఆగి, గుడ్డ మూలకి విసిరేసింది.

"ఆరూ నీకే," అంది పెద్దకోడలు. "పది నెలలు నీ సగం నేను తిన్నాను."

"సగమా? పళ్ళే తిన్నావా నువ్వు?" అంది చిన్నకోడలు. "మా అమ్మ పోయింది, అత్తని చంపిన కోడలికి అమ్మననే అనుకుంటూ పోయింది. ఈ వీధిలో ఎవరి ఇంట్లోనైనా ముసలావిడ ఉంటే నన్ను లోపలికి పిలవరు, తెలుసా నీకు? రాత్రిళ్ళు లేచి కూచుని, నిజంగా తుడిచానా, తుడవలేదా అని నన్ను నేనే అడిగేదాన్ని. చివరికి తుడవలేదేమో అని నేనే నమ్మేశాను. నువ్వు పక్కగదిలో పడుకుని ఉన్నావు. తెలిసి పడుకున్నావు."

"వీధిలోకెళ్ళి చెబుతా. ఇప్పుడే చెబుతా. ఎంతమంది ముందు అన్నానో అంతమంది ముందూ..."

"చెప్పు. చెప్పక తప్పుతుందా? అందులో సగంమంది చచ్చారు. వాళ్ళకెవరు చెబుతారు?"

పెద్దకోడలు గిన్నె ఆమె ముందుకి జరిపింది.

చిన్నకోడలు గిన్నె తీసుకుంది. నిలబడే మూడు పళ్ళు తిన్నది, గబగబా, కసిగా. ఎంగిలి చెయ్యి కడుక్కుని, గిన్నె తోడికోడలి ముందుకి తోసింది.

"నాకెందుకు..."

"తిను. నీ మీద జాలితో కాదు. నువ్వు మంచాన పడితే చూడాల్సింది నేనే. చూస్తాను. చూడక చస్తానా? కానీ అత్తయ్యకి చేసినట్టు నోరు మూసుకుని మాత్రం చెయ్యను. ఒళ్ళు తుడిచినప్పుడల్లా అడుగుతాను. నీళ్ళు పట్టినప్పుడల్లా అడుగుతాను. పదకొండేళ్ళూ, ఒక్కోరోజే, పేరుపేరునా అడుగుతాను. నువ్వు లేచి పోలేవు, చెవులు మూసుకోలేవు. అది పడలేననుకుంటే, పడకుండా ఉండు. తిను."

పెద్దకోడలు గిన్నె అందుకుని, నిలబడే, మూడు పళ్ళూ తిన్నది. బాగా నమిలింది. తర్వాత చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది, మెట్టు మీద గోడ పట్టుకుని, జాగ్రత్తగా.